14 రాళ్లు, రెండు సాక్షులు: ఉల్కల పరీక్షల డైరీ

మొదటి శనివారం

అట్టపెట్టె నిండా రాళ్లు. రెండేళ్లుగా నడిచిన చోటల్లా ఏరుకొచ్చినవి. నల్లగా కనిపించినా, చేతికి బరువుగా తగిలినా, అయస్కాంతానికి కాస్త లొంగినా తెచ్చి ఇందులో వేశాను. వీటిలో ఒక్కటైనా ఆకాశం నుంచి పడిందా అన్నది తేల్చేద్దామని ఇవాళ నేలమీద పాత దుప్పటి పరిచి అన్నీ పేర్చాను. లెక్కిస్తే 14. తెల్ల పెయింటు చుక్క పెట్టి, దాని మీద నంబరు వేశాను.

మూడో నంబరంటే నాకు మొదటినుంచీ మోజు. పిడికిలంత ఉంటుంది, బొగ్గు నలుపు, అంచులన్నీ గుండ్రం. పైన రెండు మూడు నొక్కులున్నాయి, ముద్దను బొటనవేలితో అదిమినట్టు. ఉల్కాశకలాల ఫొటోల్లో కనిపించే నొక్కులు సరిగ్గా ఇలాగే ఉంటాయి. చేతిలోకి తీసుకున్నప్పుడల్లా "ఇదే, ఇదే" అనిపిస్తుంది.

వీటికి తోడు రెండు సాక్షుల్ని కొన్నాను. ఒకటి సహారా ఎడారిలో దొరికిన కాండ్రైట్, అంటే లోపల చిన్న గుండ్రటి గింజలుండే రాతి ఉల్క, ఒక పక్క కోసి నునుపు చేసినది. రెండోది అర్జెంటీనాలోని కాంపో డెల్ సియెలో ఇనుప ఉల్క నుంచి కోసిన చిన్న పలక. నాలుగైదు వేల ఏళ్ల కిందట అక్కడ పడిన ఇనుము అది, ఆ ప్రాంతం పేరుకే 'ఆకాశపు మైదానం' అని అర్థం. నా పరీక్షలన్నీ ముందు ఈ రెండింటి మీద చేస్తాను. నిజమైన ఉల్కనే కాదనే పరీక్షతో నా రాళ్ల సంగతి ఏం తేలుతుంది?

మర్నాడు, ఆదివారం

అయస్కాంతంతో మొదలుపెట్టాను, అందరూ అక్కడే మొదలుపెడతారు కాబట్టి. రాయిని అయస్కాంతానికి ఆనించి చూస్తే లాభం లేదు, బరువైన రాయి కదలదు. అయస్కాంతాన్ని దారంతో వేలాడదీసి రాయిని పక్కకు తెస్తే చిన్న లాగుడు కూడా కనబడుతుంది. సహారా రాయి లాగింది, కాస్త మెల్లగా. కాంపో పలక దగ్గరకు వెళ్లీ వెళ్లకముందే టక్కున అతుక్కుంది. నా 14లో తొమ్మిది లాగాయి. మూడో నంబరు సహారా రాయికన్నా గట్టిగా లాగింది! సంబరం.

రాత్రి చదువుతుంటే ఆ సంబరం సగం దిగిపోయింది. మాగ్నటైట్ అనే మామూలు భూమి ఖనిజం కూడా అంతే గట్టిగా లాగుతుంది. అంటే ఈ పరీక్షలో నెగ్గడానికి పెద్ద విలువ లేదు. లాగని రాళ్లను మాత్రం దాదాపు పక్కన పెట్టేయొచ్చు, ఎందుకంటే భూమి మీద పడేవాటిలో 80 శాతానికి పైగా మామూలు కాండ్రైట్లే, వాటిలో ఇనుము-నికెల్ లోహం రేణువులుగా ఉంటుంది. చంద్రుడి నుంచి, అంగారకుడి నుంచి వచ్చినవి లాగకపోవచ్చు గానీ, అలాంటిది నా అట్టపెట్టెలో ఉంటుందని ఆశపడేంత ధైర్యం నాకు లేదు. ఐదు రాళ్లు పోయాయి. మిగిలినవి 9.

ఒక తప్పు కూడా తెలిసొచ్చింది. నేను వాడింది నియోడిమియం అయస్కాంతం, చాలా బలమైనది. కొన్ని ఉల్కలు పుట్టినచోటి అయస్కాంత క్షేత్రపు గుర్తును కోట్ల ఏళ్లుగా దాచుకుని ఉంటాయి. బలమైన అయస్కాంతం ఒక్కసారి తగిలితే ఆ గుర్తు చెరిగిపోతుంది. అంగారకుడి నుంచి వచ్చి 'బ్లాక్ బ్యూటీ'గా పేరుపడిన రాయి ముక్కలకు ఇదే జరిగిందని 2023లో పరిశోధకులు చూపించారు. ఉల్కల కోసం వెతికేవాళ్లు, వాటి వ్యాపారులు చేతి అయస్కాంతాలు తగిలించి ఆ పాత జ్ఞాపకాన్ని తుడిచేశారు. నా సహారా రాయికి ఇవాళ నేనూ అదే చేశాను. అది అప్పటికే ఎన్ని చేతులు మారిందో గానీ, నా వంతు పాపం నాదే. ఇకమీదట బలహీనమైన ఫెర్రైట్ అయస్కాంతం, అదీ వేలాడదీసి, దూరం నుంచే.

మంగళవారం

గీత పరీక్ష. పింగాణీ పలక వెనకాల గ్లేజు లేని గరుకు వైపు రాయిని గట్టిగా రుద్దితే గీత పడుతుంది, ఆ గీత రంగే ముఖ్యం. ఐదో నంబరు, పదకొండో నంబరు తడి ఇటుకలా ఎర్రటి గీత గీశాయి: హెమటైట్ అనే ఇనుప ఖనిజం, సందేహం లేదు. మూడో నంబరు నల్లగా, మసి గీసినట్టు గీసింది. నల్ల గీతంటే మాగ్నటైట్ అని పుస్తకం అంటోంది. నేను మాత్రం పలకను కడిగి, ఇంకో మూల మీద, ఈసారి మెల్లగా రుద్దాను. మళ్లీ నల్లగానే. "పైపొర మసై ఉంటుంది" అనుకున్నాను. ఆ మాట ఇక్కడ రాసి పెట్టుకుంటున్నాను, తర్వాత చదువుకుని సిగ్గుపడటానికి.

తమాషా ఏమిటంటే సహారా రాయి కూడా లేత గోధుమరంగు గీత గీసింది! ఉల్కలు గీత గీయవని ఎక్కడ చదివినా రాసి ఉంది. తాజాగా పడినవి గీయవు, నిజమే. వేల ఏళ్లు ఇసుకలో పడి ఉన్నదానిలో లోహం తుప్పు పట్టి ఉంటుంది, ఆ తుప్పే గీస్తుంది. కోసిన వైపు లోపలి భాగాన్ని రుద్దితే దాదాపు ఏమీ పడలేదు. సాక్షి లేకపోతే ఈ పరీక్షతోనే నిజమైన ఉల్కని చెత్తబుట్టలో వేసేదాన్ని.

మిగిలినవి: 7. మూడో నంబరు ఇంకా వాటిలోనే ఉంది.

శనివారం

అక్క కూతురు వచ్చింది, పన్నెండేళ్లది. కాసేపు నేను చేసేది చూసి, "పిన్నీ, నువ్వెప్పుడూ మూడోదాన్నే ముందు తీస్తావు" అంది. నేను కాదన్నాను. "మొన్న కూడా అదే ముందు తీశావు, నేను చూశాను" అంది.

సరే, పందెం అన్నాను. నేను పక్కగదిలో ఉన్నప్పుడు అది 14 రాళ్లనూ సహారా రాయినీ ఒక్కొక్కటిగా తెల్ల కాగితం మీద పెట్టి, ఒకే దూరం నుంచి, ఒకే వెలుగులో ఫొటోలు తీసింది. నంబరు చుక్క కనబడకుండా తిప్పి పెట్టింది, సహారా రాయి కోసిన వైపు కిందికి పెట్టింది. ఫొటోలను కలిపేసి వరస మార్చి చూపించింది. ప్రతి ఫొటోకీ 'ఉల్క అయ్యే అవకాశం' పదికి ఎంతో నేను వేయాలి.

నా మార్కులు: మూడో నంబరుకు 9. ఏడో నంబరుకు 8. గోధుమరంగు మట్టిబెడ్డలా ఉన్న ఒకదానికి 2. ఆ బెడ్డే సహారా రాయి.

పిల్ల నవ్వలేదు, అదే ఎక్కువ బాధ. "నువ్వు కొన్నది అదే కదా పిన్నీ" అని మాత్రం అంది.

ఇన్నాళ్లూ నేను దాని కోసిన ముఖాన్నే చూస్తూ వచ్చాను. ఆ ముఖంలో వెండి రేణువులు మెరుస్తుంటాయి, ఆవగింజకన్నా చిన్న గుండ్రటి గింజలు, కాండ్రూల్స్ అంటారు, కనబడతాయి. బయటివైపు మాత్రం ఎండలో పడి ఉన్న మామూలు రాయి. అది పడినప్పుడు పైన మిల్లీమీటరు మందం కూడా లేని నల్లటి కరుగుపెంకు, అంటే గాల్లోంచి దూసుకొస్తూ కరిగి గట్టిపడిన పొర, ఉండి ఉంటుంది, తర్వాత అరిగి, గోధుమరంగులోకి తిరిగింది. నా కన్ను వెతికేది ఫొటోలకెక్కిన అందగత్తెల్లాంటి ఇనుప ఉల్కల్ని. కళ్లముందు పడుతుండగా చూసి ఏరినవాటిలో ఇనుప ఉల్కలు 5 శాతం దాకానే ఉంటాయి. రెండేళ్లుగా నేను ఏరింది ఆ 5 శాతాన్ని పోలిన రాళ్లను. మట్టిరంగులో ఉన్నవాటిని ఎన్నింటిని దాటేసి ఉంటానో.

ఆదివారం

సాంద్రత. ఇది నాకు అన్నిటికన్నా నచ్చిన పరీక్ష, ఎందుకంటే ఇందులో నా ఇష్టానికి చోటు తక్కువ. ముందు రాయిని పొడిగా తూచాలి. తర్వాత గ్లాసులో నీళ్లు పోసి, తూనిక మీద పెట్టి, సున్నాకి తెచ్చుకోవాలి. రాయిని సన్నటి దారంతో కట్టి, అడుగుకు గానీ అంచుకు గానీ తగలకుండా నీళ్లలో పూర్తిగా మునిగేలా వేలాడదీయాలి. అప్పుడు తూనిక చూపించే గ్రాములే రాయి పక్కకు నెట్టిన నీళ్లు. మొదటి బరువును దీనితో భాగిస్తే సాంద్రత.

సహారా రాయి పొడి బరువు 31.24 గ్రాములు. నీళ్లలో 10.3 చూపించింది. భాగిస్తే 3.03. కాండ్రైట్‌కి ఇది తక్కువ. తలపట్టుకున్నాను. తర్వాత భూతద్దంతో చూస్తే రాయి ఒళ్లంతా చిన్న చిన్న గాలి బుడగలు అంటుకుని ఉన్నాయి. అవి కూడా నీళ్లను నెడుతున్నాయి. మెత్తటి కుంచెతో తుడిచి, దారాన్ని కాస్త ఆడించి, మళ్లీ చూస్తే 9.36. అంటే 3.34. ఇది సరిపోయింది, మామూలు కాండ్రైట్లు చాలావరకు 3.2 నుంచి 3.7 మధ్యలో ఉంటాయి. కాంపో పలక 7.8 వచ్చింది, ఇనుము ఎక్కడున్నా ఇనుమే.

ఆ తర్వాత నావి. రెండు రాళ్లు 2.9 దగ్గర ఆగాయి: లావా చల్లారి ఏర్పడే నల్ల బసాల్ట్ రాయి, కాస్తో కూస్తో మాగ్నటైట్ కలిసినది. ఇంకో రెండు 2.7. వీటికోసం బాధ లేదు. తొమ్మిదో నంబరు, తుప్పు ముద్ద, 7.1. ఇది ఇనుమే, ఏ ఇనుమన్నది తేలాలి. ఏడో నంబరు 73.66 గ్రాములు, నీళ్లలో 21.54, అంటే 3.42. గుండె ఒక్కసారి గట్టిగా కొట్టుకుంది.

మూడో నంబరుని చివరికి ఉంచాను. 86.42 గ్రాములు. నీళ్లలో 16.61. కాల్‌క్యులేటర్ మీద మూడుసార్లు చేశాను, ప్రతిసారీ 5.20. రాతి ఉల్కకు ఇది చాలా ఎక్కువ, ఇనుప ఉల్కకు చాలా తక్కువ. మాగ్నటైట్ సాంద్రత 5.2.

నల్ల గీత మంగళవారమే చెప్పింది. నేనే వినలేదు.

బుధవారం

మూడో నంబరును ఊరికే వదలలేక ఒక మూలను వజ్రపు పొడి అంటించిన ఆకురాయితో అరగదీశాను, బఠాణీ గింజంత కిటికీ. తర్వాత 400 నంబరు ఎమరీ పేపర్, ఆపైన 1000. లోపలంతా ఒకటే ముదురు బూడిదరంగు. లోహపు రేణువు ఒక్కటీ లేదు. ఆ బొటనవేలి నొక్కులు నీళ్లూ ఎండా కలిసి చేసినవి. దాని కథ ఇక్కడికి సరి. పిల్ల అడిగిందని ఇచ్చేశాను, గుండుసూదులు అంటించి ఆడుకుంటోంది. మాగ్నటైట్‌లో కూడా కొన్ని రాళ్లే వాటంతట అవి సూదుల్ని పట్టుకుంటాయి, ఇది అలాంటిది. ఆ రకంగా చూస్తే ఇది అరుదైన రాయే.

ఏడో నంబరుకూ అదే మూల కిటికీ. భూతద్దం కింద... మెరుపులు. వెండి చుక్కలు, ఐదారు. సూదిమొనతో ఒక చుక్కను పొడిచాను. పొడి అయితే గంధకం కలిసిన ఖనిజమో అభ్రకమో అనుకోవచ్చు. ఇది పొడి కాలేదు, లొట్ట పడింది. లోహం!

అయస్కాంతం సరే. గీత పడలేదు, సరే. సాంద్రత 3.42, సరే. లోహం ఉంది, సరే. ఆ రాత్రి నేను చేసిన పని చెప్పాలి. కొత్త ఉల్కను అధికారికంగా నమోదు చేయాలంటే ఉల్కల పరిశోధకుల సంఘం మీటియరిటికల్ సొసైటీ నియమం ప్రకారం 20 గ్రాములు గానీ మొత్తం బరువులో 20 శాతం గానీ, రెండింటిలో ఏది తక్కువైతే అది, ఒక గుర్తింపు ఉన్న సంస్థలో భద్రపరచాలి. 73.66లో 20 శాతం 14.73. ఆ లెక్క వేసి, రాయి మీద ఎక్కడ కోస్తే అందం చెడదో పెన్సిల్‌తో గీత కూడా గీశాను. ఉల్కలకు దొరికిన చోటి పేరే పెడతారు కాబట్టి, ఆ పేరు పలికి చూసుకున్నాను కూడా.

శనివారం

నికెల్ పరీక్ష. భూమి మీది పోత ఇనుములో సాధారణంగా నికెల్ లేనట్టే లెక్క. ఉల్కల లోహంలో మాత్రం తప్పకుండా ఉంటుంది, ఇనుప ఉల్కల్లో సుమారు 5 శాతం నుంచి పైకి. ఈ తేడా కొత్తగా కనిపెట్టింది కాదు. రాళ్లు ఆకాశం నుంచి పడతాయంటే పండితులే నవ్వే కాలంలో, 1802లో, ఎడ్వర్డ్ హోవర్డ్ అనే ఇంగ్లీషు రసాయన శాస్త్రవేత్త వేర్వేరు దేశాల్లో పడ్డాయని చెప్పిన రాళ్లను పరీక్షించి వాటి లోహంలో నికెల్ ఉందని తేల్చాడు. ఆ రాళ్లలో 1798లో బనారస్ దగ్గర పడినదీ ఒకటి. దూరదూరాన పడిన రాళ్లన్నీ ఒకదానినొకటి పోలి, ఆ ప్రాంతాల రాళ్లను మాత్రం పోలకపోవడమే అసలు సాక్ష్యం. మరుసటి ఏడాది ఫ్రాన్స్‌లోని లేగ్ల్ ఊరి మీద మూడు వేల దాకా రాళ్లు కురిశాక నవ్వడం చాలామంది మానేశారు.

నేను వాడేది డైమిథైల్‌గ్లయాక్సిమ్. రష్యా శాస్త్రవేత్త చుగాయెవ్ 1905లో దీని సంగతి బయటపెట్టాడు: నికెల్ తగిలితే గులాబీ ఎరుపు. కిటికీలన్నీ తెరిచి, చేతికి తొడుగులేసుకుని మొదలుపెట్టాను, అమ్మోనియా ఘాటు మామూలుది కాదు. దూది పుల్లను వెనిగర్‌లో ముంచి, అరగదీసిన లోహం మీద ఒక నిమిషం రుద్ది, దాని మీద ఒక చుక్క అమ్మోనియా, ఆపైన మందు చుక్క.

కాంపో పలక: దూది వెంటనే ముద్దమందారంలా ఎర్రబడింది. సహారా రాయి: లేత గులాబీ, కానీ గులాబీయే. పాత తాళాలగుత్తి రింగు మీద కూడా రుద్దాను, కావాలనే: ముదురు గులాబీ, దానికి నికెల్ పూత ఉంది. అంటే రంగు వచ్చినంత మాత్రాన ఆకాశం అనుకోకూడదు, నికెల్ ఉందని మాత్రమే అనుకోవాలి. తొమ్మిదో నంబరు తుప్పు ముద్ద: దూది తెల్లగానే ఉంది. ఎప్పుడో ఏ యంత్రం నుంచో విరిగిన ముక్క.

ఏడో నంబరు: తెల్లగా.

ఇంకో పుల్ల. ఇంకాస్త ఎక్కువ సేపు రుద్దాను. తెల్లగా. మందు పాడైందేమోనని కాంపో మీద మళ్లీ చూశాను, మందారం. నాలుగో పుల్ల తీయబోతుంటే మంగళవారం రాత "పైపొర మసై ఉంటుంది" గుర్తొచ్చి ఆపేశాను.

ఆదివారం

ఏడో నంబరును పెన్సిల్ గీత మీదనే కోశాను, పలచటి వజ్రపు బ్లేడుతో. 14.73 గ్రాముల ముక్క కోసం గీసిన గీత అది, ఇంకో పనికి పనికొచ్చింది. సగంలో ఉండగానే వాసన తేడా తెలిసింది, కాలిన వాసన. రెండు ముక్కలుగా విడిపోయాక లోపల చూస్తే బుడగలు. మిరియం గింజంతవి, గసగసాలంతవి, లోపలి గోడలు గాజులా నున్నగా. మూలన నేను తెరిచిన కిటికీలో ఒక్క బుడగ కూడా పడకపోవడం నా అదృష్టమో దురదృష్టమో.

చిట్టెం. ఇనుము కరిగించే కొలిమిలోంచి పారబోసిన మడ్డి. వాయువు బయటికి పోతూ వదిలిన ఖాళీలే ఆ బుడగలు. ఉల్కల్లో ఇలాంటి బుడగలు దాదాపు ఉండవు. నన్ను మోసం చేసిన వెండి చుక్కలు కొలిమిలో పూర్తిగా వేరుపడకుండా చిట్టెంలోనే మిగిలిపోయిన ఇనుప బొట్లు. ఇప్పుడు సహారా రాయి పక్కన పెట్టి చూస్తే తేడా కొట్టొచ్చినట్టు కనబడుతోంది: చిట్టెంలో లోహం నూనెబొట్టులా గుండ్రంగా ఉంది, సహారా రాయిలో కాండ్రూల్స్ మధ్య సందుల్లో చిందర వందరగా, చిరిగిన రేకులా ఇరుక్కుని ఉంది. బుధవారం రెండింటినీ పక్కపక్కన పెట్టలేదు. సాక్షిని కొన్నది అందుకే కదా!

చిట్టెం సాంద్రత అందులో ఇనుము ఎంతుందో దాన్ని బట్టి మారుతుంది, కాండ్రైట్ అంకె దగ్గర కూడా ఆగగలదు. ఆస్ట్రేలియాలో మేరీబరో దగ్గర 2015లో ఒకతను ఎర్రటి బరువైన రాయి దొరికితే లోపల బంగారం ఉందనుకుని రంపం, డ్రిల్లు, యాసిడ్, సమ్మెట అన్నీ ప్రయోగించాడు. పగల్లేదు. ఏళ్ల తర్వాత మెల్‌బోర్న్ మ్యూజియంకు తీసుకెళ్తే 17 కిలోల కాండ్రైట్ అని తేలింది. అతను బంగారం కోసం చూస్తే ఉల్క దొరికింది. నేను ఉల్క కోసం చూస్తే కొలిమి మడ్డి దొరికింది.

14లో 14 పోయాయి.

మరో శనివారం

కాంపో పలక అంచున తుప్పు చుక్కలు మొదలయ్యాయి. ఆ ఉల్కకు ఇది పెద్ద జబ్బేనట. నికెల్ పరీక్ష తర్వాత సరిగ్గా ఆరబెట్టలేదు, తప్పు నాదే. తుప్పు గీకి, ఎమరీతో 1200 దాకా నునుపు చేసి, ఎలాగూ నునుపైంది కదా అని ఫెర్రిక్ క్లోరైడ్‌తో తుడిచాను. నిమిషం తర్వాత బూడిదరంగు మీద వెడల్పాటి పట్టీలు లేచాయి, ఒకదాని మీదుగా ఒకటి వాలినట్టు. తక్కువ నికెల్ ఉన్న లోహం ఎక్కువగా కరిగింది, ఎక్కువ నికెల్ ఉన్నది నిలబడింది. ఈ రెండూ ఇలా విడివడి పెరగాలంటే లోహం లక్షల ఏళ్ల పాటు మెల్లగా చల్లారుతూ ఉండాలి. ఏ కొలిమికీ అంత ఓపిక లేదు. తొమ్మిదో నంబరు మీద అదే మందు రాస్తే ఉత్త మచ్చలు.

ఈసారి పలకను ఆల్కహాల్‌లో ముంచి తీసి, ఆరబెట్టి, పలచగా నూనె రాసి పెట్టాను.

ఆదివారం

నిన్న సాయంత్రం నడకలో ఆరు రాళ్లు తెచ్చాను. ఈసారి నలుపు కోసం చూడలేదు. చుట్టుపక్కల ఉన్నవాటికి పొత్తు కుదరనివి ఏరాను, రంగు ఏదైనా సరే. వాటిని సంచిలోంచి తీయకుండానే పిల్లకు ఇచ్చాను. అది వంటగదిలో తూచి, నీళ్లలో వేలాడదీసి, అంకెలు మాత్రం కేకేసి చెబుతోంది. నేను ఇక్కడ రాస్తున్నాను.

"పిన్నీ, మొదటిది 64.18."

"బుడగలు తుడిచావా?"

"తుడిచా. నీళ్లలో 19.27."

3.33. ఆ రాయి ఏ రంగో నాకింకా తెలియదు. అడగలేదు.